స్వీడన్‌లో రచయిత్రులంటే సెల్మా లాగర్‌లోఫ్ ఒక్కరేనా? ఎవరి పుస్తకంతో చదవడం మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. స్వీడిష్‌లో రాసిన స్త్రీలలో నోబెల్ వచ్చింది సెల్మా లాగర్‌లోఫ్‌కి ఒక్కరికే కదా, మిగతావాళ్ళకి అక్కడి సాహిత్యంలో నిజంగా చోటు ఉందా అనేది ఒకటి. ఇంగ్లీషులో దొరికేవాటిలో మీరు ఏది ముందు చదవాలి, తొమ్మిదేళ్ళ మీ పాపకి ఏది చదివి వినిపించాలి అనేది రెండోది. నేను సాహిత్యం చదువుకున్న మనిషిని కాను. రాజమండ్రిలో ఆరేళ్ళు స్కూల్ టీచర్‌గా చేసి, 2013లో మావారి ఉద్యోగం వల్ల స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వచ్చాను. ఇప్పుడు ఇక్కడ ఒక ప్రీస్కూల్లో పని చేస్తున్నాను. భాష నేర్చుకుంటూ, పిల్లలకి చదివి వినిపిస్తూ ఒక్కొక్క పుస్తకం దగ్గరికి వెళ్ళినదాన్ని. అలా తెలిసింది చెబుతాను.

వచ్చిన కొత్తలో నాలుగు నెలల పాటు నాకు ఇక్కడి గుర్తింపు కార్డు రాలేదు. అది లేకపోతే బ్యాంకు అకౌంటు లేదు. పోస్టులో వచ్చిన పార్సిల్ తెచ్చుకోవాలన్నా ఆయనే రావాలి. ఆరేళ్ళు సొంత జీతం తీసుకున్నదాన్ని, కూరగాయలకి కూడా ఆయన కార్డు పట్టుకెళ్ళేదాన్ని. ఒక బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ ఎదురుగా ఉన్న నన్ను వదిలేసి అన్ని ప్రశ్నలూ మావారినే అడుగుతుంటే, ఇంటికొచ్చి ఏడ్చాను. సరిగ్గా ఆ రోజుల్లోనే, కొత్తగా వచ్చినవాళ్ళకి మునిసిపాలిటీ ఉచితంగా నడిపే స్వీడిష్ క్లాసులో మా టీచరు ఫ్రెడ్రికా బ్రేమర్ అనే పాతతరం స్వీడిష్ రచయిత్రి మీద ఒక పేజీ పాఠం ఇచ్చారు. అందులో 'మిందిగ్' అనే మాట నాకు అర్థం కాలేదు. మైనారిటీ తీరినవాళ్ళు, తమ వ్యవహారం తాము చూసుకునే హక్కున్నవాళ్ళు అని అర్థం.

బ్రేమర్ 1801లో పుట్టింది. మొదటి పుస్తకం 1828లో పేరు లేకుండా వేసుకుంది. తర్వాత ఆవిడ నవలలు యూరప్‌లోనూ అమెరికాలోనూ విపరీతంగా చదివారు. అయినా స్వీడన్ చట్టం ప్రకారం పెళ్ళికాని స్త్రీ ఎంత వయసు వచ్చినా మైనరే. తండ్రి పోయాక ఆవిడ మీద, ఆవిడ డబ్బు మీద పెత్తనం అన్నదమ్ముడి చేతికి వచ్చింది. తన సంపాదన తను చూసుకోవడానికి అనుమతి కోసం 1840లో ఆవిడ రాజుగారికి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పటికి వయసు ముప్పై తొమ్మిది. 1856లో ఈ విషయం మీదే 'హెర్తా' అనే నవల రాసింది. పెద్ద గొడవ అయింది. 1858లో, పాతికేళ్ళు దాటిన పెళ్ళికాని స్త్రీలు కోర్టుకి దరఖాస్తు పెట్టుకుంటే మేజర్లు కావచ్చు అన్నారు. 1863 నుంచి దరఖాస్తు కూడా అక్కర్లేకుండా పోయింది. పెళ్ళయినవాళ్ళు మాత్రం 1921 దాకా ఆగాల్సి వచ్చింది. నవలగా చూస్తే 'హెర్తా' నాకు బరువుగా, ఉపన్యాసంలా అనిపించింది. అయినా ఆ ఒక్క పేజీ పాఠం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఈ రచయిత్రుల్లో ఎవరిని చదివినా నా కళ్ళు ముందు వెతికేది, వీళ్ళ పేరు, డబ్బు, ఇల్లు ఎవరి చేతిలో ఉన్నాయా అని. మీరు అడిగిన 'స్థానం' సంగతి నాకు అక్కడే తెలుస్తుంది.

విక్టోరియా బెనెడిక్ట్‌సన్‌ని చూడండి. 1850లో దక్షిణాన స్కోనె ప్రాంతంలో పుట్టింది. చిత్రకళ నేర్చుకుంటానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఇరవై ఒకటో ఏట, తనకంటే చాలా పెద్దవాడు, పిల్లలున్న విధురుడు అయిన ఒక పోస్ట్‌మాస్టర్‌ని చేసుకుంది. మోకాలి జబ్బుతో మంచాన పడి ఉన్న రోజుల్లో గట్టిగా రాయడం మొదలుపెట్టింది. ఎర్న్‌స్ట్ ఆల్‌గ్రెన్ అని మగపేరు పెట్టుకుంది. 1885లో వచ్చిన నవల పేరే 'పెంగర్', అంటే డబ్బు. బొమ్మలు వేయడం నేర్చుకోవాలని కలలు కన్న పదహారేళ్ళ పిల్లని డబ్బున్న పెద్దవయసు భూస్వామికి కట్టబెడతారు. ఆ అమ్మాయి తనకి అసలు ఏం జరిగిందో అర్థం చేసుకుని, చివరికి ఆ ఇంట్లోంచి బయటికి నడుస్తుంది. నేను దీన్ని ట్రామ్‌లో నిలబడి చదివి రెండు స్టాపులు దాటిపోయాను. కన్యాశుల్కం చదివి పెరిగినవాళ్ళకి ఈ కథ ఎక్కడ గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. గురజాడ బుచ్చమ్మ చుట్టూ ఉన్న లోకాన్ని చూపిస్తే, ఈవిడ బుచ్చమ్మ లోపలికే వెళ్ళి కూర్చుంది.

ఆ రోజుల్లో ఉత్తర దేశాల సాహిత్యంలో పెద్ద విమర్శకుడు డెన్మార్క్‌కి చెందిన జార్జ్ బ్రాండెస్. ఆయన మంచి మాట అంటే పుస్తకం నిలబడేది, కాదంటే పడిపోయేది. విక్టోరియా ఆయన్ని ప్రేమించింది. ఆవిడ తర్వాతి నవల 'ఫ్రూ మరియాన్' 1887లో వస్తే, అది ఆడవాళ్ళ నవల అని ఆయన తేల్చేశాడు. ఆ దెబ్బ నుంచి ఆవిడ తేరుకోలేదు. 1888 జులైలో కోపెన్‌హాగెన్‌లో ఒక హోటల్ గదిలో ప్రాణం తీసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు. ఐదేళ్ళ తర్వాత ఇదే బ్రాండెస్, స్వీడన్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక కొత్త రచయిత్రి మొదటి నవలకి డేనిష్ అనువాదం చదివి మెచ్చుకుంటూ రాశాడు. ఆ మాటతో ఆవిడ దశ తిరిగింది. ఆవిడే సెల్మా లాగర్‌లోఫ్. ఒకే మనిషి మాటకి ఒకావిడ కుంగిపోయింది, ఇంకొకావిడ నిలబడింది. రచయిత్రుల స్థానం అప్పట్లో ఎంత సన్నటి తాడు మీద ఉండేదో ఈ రెండు జీవితాలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది, నాకు గుండె దడగా ఉంటుంది.

నేను వచ్చినప్పుడు ఇక్కడి ఇరవై క్రోనర్ల నోటు మీద సెల్మా బొమ్మ ఉండేది. వెనక వైపు బాతు మీద ఎగురుతున్న చిన్న పిల్లాడు. ఆ పిల్లాడు ఆవిడ పిల్లల పుస్తకంలోని నీల్స్ హోల్గెర్సన్. ఆ నోటు 1991 నుంచీ వాడుకలో ఉండేది. 2015లో ఆ స్థానంలో పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ బొమ్మ వచ్చింది. కార్డు చేతికొచ్చాక నా అకౌంటు నుంచి తీసుకున్న మొదటి డబ్బులో ఒక ఇరవై నోటు ఖర్చుపెట్టకుండా ఉంచుకున్నాను. ఇప్పుడది చెల్లదు, నా డైరీలో ఉంది.

సెల్మా 1858లో వేర్మ్‌లాండ్ ప్రాంతంలో మోర్‌బాకా అనే ఎస్టేట్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచి తుంటి జబ్బుతో కుంటేది. అందుకని తోటి పిల్లలతో పరుగెత్తే బదులు నాయనమ్మ దగ్గర కూర్చుని కథలు వింది. తండ్రి పోయాక అప్పుల్లో ఆ ఇల్లు అమ్ముడుపోయింది. ఆవిడ అప్పటికి లాండ్స్‌క్రూనా అనే ఊళ్ళో టీచరు. 1890లో 'ఈడూన్' అనే స్త్రీల పత్రిక పెట్టిన పోటీకి నవలలోని కొన్ని అధ్యాయాలు పంపితే బహుమతి వచ్చింది. సోఫీ అడ్లర్‌స్పారె అనే సంపాదకురాలు సాయం చేసి, ఉద్యోగానికి సెలవు పెట్టుకుని నవల పూర్తి చేసే వీలు కల్పించింది. అలా 1891లో 'యోస్తా బెర్లింగ్ సాగా' వచ్చింది. ఆ సెలవు, ఆ డబ్బు లేకపోతే ఏమయ్యేదో! ఒక టీచరుగా నాకు ఈ ముక్క మీద అందరికంటే ఎక్కువ మమకారం.

తర్వాత ప్రాథమిక పాఠశాల టీచర్ల సంఘం ఆవిడని పిల్లలకి స్వీడన్ భూగోళం నేర్పే పాఠ్యపుస్తకం రాయమంది. ఆవిడ ఏళ్ళ తరబడి తిరిగి, చదివి, పొట్టివాడైపోయిన ఒక అల్లరి పిల్లాణ్ణి బాతు వీపు మీద ఎక్కించి దేశమంతా తిప్పింది. 1906, 1907లలో రెండు భాగాలుగా వచ్చింది. అందులో ఒక చోట నీల్స్ రాత్రిపూట ఒక చిన్న ఎస్టేట్‌లో దిగుతాడు. గుడ్లగూబ వాడి మీద పడుతుంది. అప్పుడే, ఎప్పుడో వదిలి వెళ్ళిన తన పుట్టింటిని చూసుకోవడానికి వచ్చిన ఒకావిడ వాణ్ణి కాపాడుతుంది. ఆవిడ ఒక రచయిత్రి. దేశం గురించి ఒక పుస్తకం రాయాలి, ఎలా రాయాలో తోచక తిరుగుతోంది. పరాయివాళ్ళ చేతిలో ఉన్న తన ఇంటికి సెల్మా ఇలా తన పుస్తకంలోంచి వెళ్ళింది. 1907లోనే ఆ ఇంటిని నిజంగా తిరిగి కొనుక్కుంది. 1909లో నోబెల్ వచ్చింది, సాహిత్యంలో ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. ఆ డబ్బుతో 1910లో పొలాలు కూడా వెనక్కి వచ్చాయి.

2017 వేసవిలో మేము మోర్‌బాకా వెళ్ళాం. గోథెన్‌బర్గ్ నుంచి కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అయింది. ముందు స్తంభాలతో పెద్ద భవనం. 1920లలో ఆవిడే కట్టించుకున్న రూపం అది. లోపల గైడ్ వెంట తిరగాలి. ఆవిడ రాసుకున్న బల్ల, పుస్తకాలు చూపించారు. ఆవిడ పొలం చూసుకునేదని, ఓట్స్ పిండి తయారు చేయించి అమ్మేదని, పనివాళ్ళ జీతాలకి ఇబ్బంది పడి మళ్ళీ పుస్తకం రాసేదని చెబుతుంటే మావారు కూడా ఆగి విన్నారు. నాకు మా అమ్మమ్మగారి పెంకుటిల్లు గుర్తొచ్చింది. కోనసీమలో ఉండేది. అప్పులకి 1996లో అమ్మేశారు. పెరట్లో నూతి పక్కన అమ్మ చిన్నప్పుడు పేరు చెక్కుకున్న సున్నం గోడ ఉండేది. అమ్మ ఆ వీధిలోకి మళ్ళీ అడుగుపెట్టలేదు. మోర్‌బాకా మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసి, ఇక్కడొకావిడ కథలు రాసి పుట్టిల్లు కొనుక్కుందమ్మా అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎంతకి కొందిట అని అడిగింది.

నోబెల్ విందులో ఆవిడ చేసిన ప్రసంగం తప్పకుండా వెతుక్కుని చదవండి. రైల్లో స్టాక్‌హోమ్ వెళ్తూ, చనిపోయిన తండ్రిని స్వర్గంలో కలిసినట్టు ఊహించుకుంటుంది. నాన్నా, అప్పుల్లో కూరుకుపోయాను, ఎలా తీర్చాలి అని అడుగుతుంది. ఆయన నిజంగా డబ్బు అప్పు అనుకుని కంగారు పడతాడు. ఊరూరా తిరిగి పాటలు పాడిన దేశదిమ్మరులకి, గుడిసెల్లో కథలు చెప్పిన ముసలివాళ్ళకి, తనకంటే ముందు రాసినవాళ్ళకి, చదివినవాళ్ళకి తను పడిన బాకీ అది. మన భాషలో ఋణం అనే మాటకి ఉన్న బరువంతా ఆ నాలుగు పేజీల్లో ఉంది.

ఇంత పేరున్నా అకాడమీ తలుపులు ఎంత నెమ్మదిగా తెరుచుకున్నాయో చూడండి. సాహిత్యంలో నోబెల్ ఎవరికివ్వాలో తేల్చే స్వీడిష్ అకాడమీ 1786లో పుట్టింది, పద్దెనిమిది కుర్చీలు, అంటే పద్దెనిమిది మంది సభ్యులు. మొదటి స్త్రీ సెల్మా, 1914లో. రెండో స్త్రీ ఎలిన్ వేగ్నర్, 1944లో. మూడో స్త్రీ షెస్టిన్ ఎక్‌మన్, 1978లో. ఎక్‌మన్, రచయిత సల్మాన్ రష్దీని చంపమని ఫత్వా వచ్చినప్పుడు అకాడమీ గట్టిగా నిలబడలేదని 1989 నుంచి సమావేశాలకి వెళ్ళడం మానేసింది. 2015లో సారా డానియుస్ అకాడమీకి మొదటి మహిళా శాశ్వత కార్యదర్శి అయింది. 2017 నవంబరులో, అకాడమీకి దగ్గరివాడైన ఒక వ్యక్తి మీద 18 మంది స్త్రీలు లైంగిక వేధింపుల ఆరోపణలు బయటపెట్టారు. ఆ గొడవలో అకాడమీ రెండుగా చీలి, 2018 ఏప్రిల్‌లో డానియుస్ పదవి దిగాల్సి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ మెడ దగ్గర ముడి వేసే జాకెట్టు వేసుకునేది. ఆవిడకి మద్దతుగా ఆ వారం మా ప్రీస్కూల్లో నలుగురు అలాంటి జాకెట్లతో వచ్చారు. నా దగ్గర అది లేదు, చున్నీని మెడ దగ్గర ముడి వేసుకుని వెళ్ళాను. మా వంటావిడ నన్ను చూసి గట్టిగా కౌగలించుకుంది. రచయిత్రుల స్థానం గురించి మాటలు పుస్తకాల్లోనే ఉండిపోలేదని ఆ రోజు నాకు అనిపించింది.

మూవా మార్టిన్‌సన్ గురించి తెలుగువాళ్ళకి చెప్పాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. 1890లో పెళ్ళికాని తల్లికి పుట్టింది. తల్లి బట్టల మిల్లుల్లో, పొలాల్లో కూలి పని. మూవా ఐదుగురు కొడుకుల్ని కంది, ఇద్దరు 1925లో నీళ్ళలో మునిగి చనిపోయారు. తర్వాత మొదటి భర్త ఆత్మహత్య చేసుకున్నాడు. రెండో భర్త హ్యారీ మార్టిన్‌సన్, కవి. ఆవిడ 1936లో రాసిన 'మూర్ యిఫ్తర్ సేగ్', అంటే 'అమ్మ పెళ్ళి చేసుకుంటోంది', ఒక చిన్న పిల్ల గొంతుతో సాగుతుంది. అద్దె కట్టలేక గది మారడం, మళ్ళీ మళ్ళీ మారడం, తల్లికి నెలలు నిండుతుంటే పిల్ల భయం. ఆకలి గురించి ఇంత వాసనతో, ఇంత నవ్వుతో రాసిన పుస్తకం నేను మరొకటి చదవలేదు. హ్యారీ 1949లో అకాడమీ సభ్యుడయ్యాడు, 1974లో నోబెల్ పంచుకున్నాడు. మూవా 1964లోనే పోయింది, ఆవిడకి అకాడమీ కుర్చీ రాలేదు. నన్నడిగితే ఆవిడకి రావాల్సింది.

మా ఊళ్ళో సెంట్రల్ లైబ్రరీ ముందు కారిన్ బోయె విగ్రహం ఉంది. నేను ఎన్నోసార్లు దాని పక్కన బస్సు కోసం ఆగాను, ఎవరో తెలియకుండానే. మొగ్గ విచ్చుకోవడంలో ఉండే నొప్పి గురించి ఆవిడ రాసిన కవిత ఇక్కడ వసంతం వస్తే ఎవరో ఒకరు అనకుండా ఉండరు. 1940లో 'కల్లొకెయిన్' అనే నవల రాసింది. మనుషుల మనసులో మాట కక్కించే మందు కనిపెట్టిన శాస్త్రవేత్త కథ, అన్నీ ప్రభుత్వమే వినే లోకంలో. జార్జ్ ఆర్వెల్ నవల '1984' కంటే తొమ్మిదేళ్ళ ముందు వచ్చింది. మరుసటి ఏడే, 1941లో, ఆవిడ చనిపోయింది.

ఇక ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ నా రోజువారీ పని. ఎమిల్ అనే పల్లెటూరి పిల్లాడు సూప్ గిన్నె అడుగు నాకబోయి అందులో తల ఇరికించుకునే కథ మా ప్రీస్కూల్ పిల్లలు వారానికి ఒకసారైనా అడుగుతారు. గిన్నె కొత్తది కొంటే నాలుగు క్రోనర్లు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మూడు, కాబట్టి ఒక క్రోనర్ మిగులుతుంది అని నాన్న లెక్క వేస్తాడు. ఆ లెక్క దగ్గర మా నాలుగేళ్ళ పిల్లలు నవ్వరు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, నాన్న చెప్పింది కరెక్టే అని తలూపుతారు. పేదరికం తెలిసిన రచయిత్రే పిల్లల కథలో అంత ఖచ్చితంగా ధరలు వేయగలదు. పంతొమ్మిదేళ్ళకి పెళ్ళికాకుండా తల్లి అయి, కొడుకుని కోపెన్‌హాగెన్‌లో పెంపుడు తల్లి దగ్గర వదలాల్సి వచ్చిన మనిషి ఆవిడ. 1976లో తన ఆదాయం మీద పన్ను 102 శాతం అయిందని పత్రికలో ఒక కథ రాస్తే దేశమంతా దాని గురించే మాట్లాడింది.

1978లో జర్మనీలో శాంతి బహుమతి అందుకుంటూ ఆవిడ ఒక సంగతి చెప్పింది. ఒక తల్లి, తప్పు చేసిన కొడుకుని, కొట్టడానికి నువ్వే పోయి బెత్తం తెచ్చుకో అని పంపుతుంది. వాడు చాలాసేపటికి ఏడుస్తూ వచ్చి, బెత్తం దొరకలేదమ్మా, ఈ రాయి తెచ్చాను, దీంతో కొట్టు అంటాడు. తల్లి ఆ రాయిని ఎప్పటికీ కనబడేలా వంటింటి అరలో పెట్టుకుంటుంది. మరుసటి ఏడు, 1979లో, ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసిన మొదటి దేశం స్వీడన్ అయింది. రాజమండ్రిలో నా టేబుల్ సొరుగులోనూ ఒక చెక్క స్కేలు ఉండేది. వాడాను కూడా. రెండో తరగతి పిల్ల ఒకతి చెయ్యి చాపి కళ్ళు మూసుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ప్రసంగం చదివాక ఇంకా ఎక్కువ గుర్తొస్తోంది.

ఇంకా చాలామంది ఉన్నారు. ఉత్తరాది యాసని నవలల్లోకి తెచ్చి, 1968లో గని కార్మికుల మాటల్నే పుస్తకంగా వేసిన సారా లిడ్‌మన్. ఇంటి చాకిరీని కవిత్వంగా మార్చిన సోన్యా ఓకెసన్. ఉత్తరాది ఆదివాసులైన సామీ జాతి కుటుంబాల కథని 2018లో పెద్ద కావ్యంగా రాసిన లినేయా ఆక్సెల్సన్. ఇది నేను ఇంకా చదువుతున్నాను. క్రైమ్ నవలలు మీకు ఎలాగూ దొరుకుతాయి, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు.

మన ఇళ్ళల్లో గోర్కీ తెలుగులో దొరికాడు, మాస్కోలో అచ్చయి, చవగ్గా వచ్చింది కాబట్టి. స్వీడిష్ పుస్తకాలకి అలాంటి దారి లేదు. కాబట్టి ఇంగ్లీషులోనే చెబుతాను. మీరు ముందు బెనెడిక్ట్‌సన్ 'మనీ' చదవండి, ఆ తర్వాత మూవా 'మై మదర్ గెట్స్ మ్యారీడ్'. 'కల్లొకెయిన్' పెంగ్విన్ వాళ్ళది తేలిగ్గా దొరుకుతుంది. అడవులు, హత్య, ఒక ఊరి రహస్యం కావాలంటే షెస్టిన్ ఎక్‌మన్ 'బ్లాక్‌వాటర్'. 'యోస్తా బెర్లింగ్' మాత్రం మొదటే పట్టుకోకండి. దాని అలంకారాలకి పాత ఇంగ్లీషు అనువాదం తోడై అలసట వస్తుంది.

పాపకి నీల్స్ చదివి వినిపించండి. పాత అనువాదం నెట్‌లో ఉచితంగా ఉంది. మీరే తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు, నేను మా చెల్లెలి కూతురికి ఫోన్‌లో అలాగే చెప్పాను. ఊళ్ళ పేర్లు, ఖనిజాలు వచ్చే చోట్ల కొంచెం కుదించండి, బాతులు మాట్లాడుకునే చోట్ల ఏమీ తీసేయకండి. గుడ్లగూబ వచ్చే రాత్రి దగ్గర ఆగి, ఆ ఇల్లు ఎవరిదో, తర్వాత ఏమైందో పాపకి చెప్పండి.